వెతికితే చుక్కలే!

అర్ధరాత్రి పన్ను నొప్పి. మీరుండేది పటమట. ఫోన్ తీసి ‘పంటి డాక్టర్ విజయవాడ’ అని కొట్టారు. ఏం వచ్చింది? ‘బెస్ట్ డెంటల్ హాస్పిటల్ ఇన్ విజయవాడ, టాప్ డెంటిస్ట్ ఇన్ విజయవాడ, నంబర్ వన్ డెంటల్ క్లినిక్ ఇన్ విజ...’ అక్కడితో సరి. మిగతావి మూడు చుక్కలు. దాని కింద ఇంకొకటి. అదీ బెస్టే. దాని కింద టాపు. ఆ కింద నంబర్ వన్. ఆసుపత్రుల పేట సూర్యారావుపేట మొత్తం నంబర్ వన్‌లే. నంబర్ టూ డాక్టరు ఈ ఊళ్లో పుట్టనే లేదు.

మీకు కావలసిందేమిటి? ఇప్పుడు తెరిచి ఉందా? ఏ వీధి? ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఉన్నాడా? వీటిలో ఒక్కదానికైనా ఆ వరుసలో జవాబుందా? లేదు. ‘విజయవాడ’ మాత్రం రెండున్నరసార్లు ఉంది. ఏమండీ, పటమటలో దవడ పట్టుకుని కూర్చున్నవాడికి తానున్నది విజయవాడలోనేనని ఇన్నిసార్లు చెప్పాలా?

ఇంకో ముచ్చట. పంటి డాక్టర్లే కాదు, మిగతా డాక్టర్లదీ ఇదే వరస. రోగులను తమవైపు తిప్పుకొనేందుకు గాలం వేయడం అనైతికమని భారత వైద్య మండలి 2002 నాటి నియమావళిలో రాసింది. నేరుగా వేసినా, డొంకతిరుగుడుగా వేసినా. డాక్టరు వేసినా, డాక్టర్ల బృందం వేసినా, సంస్థ వేసినా. ఆ నియమాలకు కట్టుబడి ఉంటానని సంతకం పెట్టిన చేతులే ‘బెస్ట్ ఇన్ విజయవాడ’ రాసినవాడి బిల్లు మీద కూడా సంతకం పెడుతున్నాయి. సంతకానికేం, ఎక్కడైనా పెట్టొచ్చు.

తెలియని పెద్దమనుషుల కోసం ఒక ముక్క. ఇంటర్నెట్‌లో ప్రతి పేజీకి లోపల రెండు మాటలు రాసి పెట్టాలి. ఒకటి శీర్షిక. రెండోది వివరణ. పేజీ తెరిచి చదివేవాడికి వివరణ అసలు కనబడదు. శీర్షిక కూడా బ్రౌజర్ పైఅంచున ఏదో మూల నక్కి ఉంటుంది. కానీ జనం వెతికినప్పుడు ముందు వచ్చి నిలబడేవి ఆ రెండే. పెద్దక్షరాల్లో శీర్షిక, దాని కింద చిన్నక్షరాల్లో రెండు మూడు వరుసల వివరణ. ఉన్న చోటు అంతే. పట్టకపోతే కత్తెర. కత్తెర పడిన చోట చుక్కలు.

దీనికి ఖర్చెంత? సున్నా. టెండరు అక్కర్లేదు. సిమెంటు అక్కర్లేదు. శంకుస్థాపన అసలే అక్కర్లేదు. పేజీలో ఏముందో తెలిసిన మనిషి ఒకరు ఐదు నిమిషాలు కూర్చుని ఆలోచించాలి. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఆలోచించే పని మాకొదిలేయండి అంటూ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ప్రతి మేడ మీదా ఓ డిజిటల్ మార్కెటింగ్ ఆఫీసు. వాళ్ల దగ్గరో మంత్రం ఉంది. శీర్షిక అరవై, వివరణ నూట అరవై. అరవై ఏంటి గురూ? ఇంగ్లిష్ అక్షరాలు! గూగుల్ తన మార్గదర్శకాల్లో అసలు అంకే పెట్టలేదు. తెర వెడల్పును బట్టి కత్తిరిస్తామంది, అంతే. అంటే లెక్క వెడల్పుది. మన లిపి సంగతి చూడండి. ‘స్త్రీ’ కంటికి ఒకటే అక్షరం. యంత్రం లెక్కలో ఆరు గుర్తులు. ‘కృష్ణా’ కంటికి రెండు, యంత్రానికి మళ్లీ ఆరే. గుడులు పైకెక్కుతాయి, వత్తులు చాలావరకు కిందికి దిగుతాయి. గుర్తులు పెరుగుతాయి కానీ వెడల్పు అంతగా పెరగదు. అలాంటి తెలుగును ఇంగ్లిష్ గజంతో కొలిచి, అరవై దాటిందని నరికేస్తారు. లేదంటే తెలుగు ఎందుకొచ్చిన గొడవలే అని మొత్తం ఇంగ్లిష్‌లో రాసి పారేస్తారు. ఫోన్‌లో వెతికి చూసుకుంటే పట్టిందో లేదో క్షణంలో తేలిపోతుంది. చూడరు. పట్టికలో పచ్చ టిక్కు పడితే చాలు.

కీలకపదాల ట్యాగ్ అని ఇంకొకటుంది. వరుసలో ఎవరు పైన, ఎవరు కింద అనేది తేల్చడానికి దాన్ని అసలు పట్టించుకోబోమని గూగుల్ 2009 సెప్టెంబరులోనే బహిరంగంగా చెప్పింది. పదిహేనేళ్లు దాటినా బిల్లులో ఆ పద్దు పోలేదు. 2017 చివర్లో వివరణకు గూగుల్‌వాళ్లు చోటు పెంచారు. మూడు వందల పైచిలుకు అక్షరాలు పట్టేవి. అందరూ పొడిగించారు. 2018 మే వచ్చేసరికి మళ్లీ కుదించారు. అందరూ కత్తిరించారు. పొడిగించినందుకో బిల్లు, కత్తిరించినందుకో బిల్లు. బీసెంట్ రోడ్డు దర్జీ కూడా ఒకే ప్యాంటుకు ఇన్నిసార్లు కూలి అడగడు.

సరే, వ్యాపారి వ్యాపారం చేస్తాడు. వార్తలవాళ్లకేం పోయేకాలం?

ఇది పత్రికల గడ్డ. 1902లో బందరులో కృష్ణాపత్రిక పుట్టింది. 1952లో బెజవాడలో విశాలాంధ్ర దినపత్రిక. 1960లో నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో ఆంధ్రజ్యోతి. 1981లో ప్రజాశక్తి దినపత్రిక. ఈ ఊరి డెస్కుల్లో శీర్షిక పెట్టడమంటే విద్య. కాలమ్ వెడల్పు ఇంత. టైపు సైజు ఇంత. అందులో పట్టాలి. సీసం అక్షరం సాగదు, కుంచించుకోదు. పట్టకపోతే మాట మార్చాలి, వార్త మార్చకూడదు. రాత్రి పన్నెండింటికి, ఎడిషన్ బయల్దేరే వేళకి, మూడు మాటల్లో జిల్లా మొత్తానికి విషయం చెప్పేసిన సబ్ ఎడిటర్లు ఈ ఊళ్లో బతికారు. పేరు పడేది కాదు, జీతం అంతంతమాత్రం. శీర్షిక మాత్రం చదివితే అర్థమయ్యేది.

ఆ విద్యకు వారసులు ఇప్పుడేం రాస్తున్నారు? ‘కృష్ణమ్మ ఉగ్రరూపం.. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఏం జరిగిందంటే?’ ఏం జరిగింది నాయనా? గేట్లెత్తారు. డెబ్బై గేట్ల బ్యారేజీ అది. వరదొస్తే గేట్లెత్తుతారు, పెళ్లిభోజనం పెట్టరు. ఎన్ని క్యూసెక్కులు వదిలారు? 3.97 లక్షలు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక. 5.69 లక్షలు దాటితే రెండోది. తోట్లవల్లూరు లంకల్లో అరటి, పసుపు వేసుకున్న రైతుకు కావలసింది ఆ అంకె. మోటారు విప్పి ఒడ్డుకు తెచ్చుకోవాలా, పశువులను తోలుకురావాలా అనేది ఆ అంకె మీద ఆధారపడి ఉంటుంది. ‘ప్రకాశం బ్యారేజీ: మొదటి ప్రమాద హెచ్చరిక, లంకలు ఖాళీ చేయాలి’. చూశారా, ఎంత చోటు పట్టిందో? కానీ అలా రాస్తే రైతు శీర్షిక చదివేసి ఫోన్ జేబులో పెట్టుకుంటాడు. లోపలికి రాడు. లోపల మూడు ప్రకటనలు, మోకాళ్ల నొప్పుల నూనె కాచుక్కూర్చున్నాయి మరి! అందుకని అంకె మింగేసి ప్రశ్నార్థకం పెడతారు. తెలిసిన విషయాన్ని దాచిపెట్టడానికి జీతాలిచ్చే పత్రికా రంగం ప్రపంచ చరిత్రలో ఇదే మొదటిసారి కాబోలు.

‘దుర్గమ్మ భక్తులకు బిగ్ అలర్ట్.. ఇకపై అలా చేస్తే అంతే!’ ఎలా చేస్తే? ఏమంతే? గుండె పట్టుకుని నొక్కితే, కొండ కింద కార్లు ఆపే చోటు మారింది. అంతే. నిజంగానే అంతే.

వివరణ సంగతి అడక్కండి. శీర్షికనే తెచ్చి మళ్లీ అతికిస్తారు. లేకపోతే ‘తాజా తెలుగు వార్తలు, సినిమా, క్రికెట్, రాశిఫలాలు, నేటి బంగారం ధర’. బ్యారేజీ వార్తకూ అదే, చావు వార్తకూ అదే.

ఏప్రిల్ వస్తే ఇంటర్ ఫలితాల జాతర. బోర్డు ఇంకా తేదీ చెప్పదు. ఈలోపే ‘ఫలితాలు విడుదల, డైరెక్ట్ లింక్ ఇదే!’ అని పాతిక పేజీలు సిద్ధం. లోపల ఎనిమిది పేరాల సోది. ఆఖరి పేరాలో ‘ఫలితాలు త్వరలో విడుదల కానున్నాయి’. నిరుటి పేజీలోనే సంవత్సరం మార్చి మళ్లీ వదులుతారు. కొందరికి మార్చే ఓపిక కూడా లేదు. హాల్ టికెట్ చేత్తో పట్టుకుని చెమటలు కక్కుతున్న పిల్లతో ఆడుకునే ఆటా ఇది?

ఇంతసేపూ తిట్టింది అబద్ధం రాసేవాళ్లను. నిజం చేతిలో పెట్టుకున్న వాళ్ల కామెడీ ఇంకా పెద్దది.

ప్రభుత్వ కార్యాలయాల పేజీలు వెతకండి. ఒకదాని శీర్షిక ‘హోమ్’. అబ్బో! ఎవరి హోమ్? ఇంకోటి ‘వెల్‌కమ్ టు ద అఫీషియల్ వెబ్‌సైట్ ఆఫ్ ద గవర్నమెంట్ ఆఫ్...’ చుక్కలు. శాఖ పేరు చెప్పేలోపు చోటైపోయింది. స్వాగతం ఘనంగా పలికారు, ఇల్లెవరిదో చెప్పలేదు. మరోటి ‘అన్‌టైటిల్డ్’. ఉత్తర్వుల పత్రం తెరిస్తే దాని పేరు ‘స్కాన్’, పక్కన నాలుగంకెలు. వివరణా? ఆ గడి ఖాళీ. పుట్టినప్పటి నుంచీ ఖాళీ.

చోటు సరిపోలేదంటారా? బందరు రోడ్డు మీద ఫ్లెక్సీ చూడండి. నాయకుడు, నాయకుడి నాయకుడు, ఆయన తండ్రి, తనయుడు, మండలం, వార్డు, ఫ్లెక్సీ కట్టినవాడు, వాడి బావమరిది. ముప్పై మొహాలు, ముప్పై పేర్లు. ఒక్కటీ కత్తెరకు బలి కాదు. ఒక్కరి పేరు చివరా చుక్కలు పడవు. పడితే పార్టీ మారిపోతారు! చోటు సర్దడం రానివాళ్లా వీళ్లు?

నిబంధన లేదంటారా? అదీ ఉంది. భారత ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలని 2009లోనే పుస్తకం వేశారు. పేజీకి శీర్షిక, వివరణ, కీలకపదాలు, భాష సరిగ్గా రాయాలని అందులో ఉంది. తర్వాత సవరించారు, మళ్లీ సవరించారు. పుస్తకం లావెక్కింది. ‘హోమ్’ మాత్రం హోమ్ గానే ఉంది.

ఇది వెతికేవాడి గోల మాత్రమే అనుకోకండి. చూపు లేనివారు ఫోన్‌ను, కంప్యూటర్‌ను విని వాడతారు. పేజీ తెరవగానే యంత్రం ముందుగా చదివి వినిపించేది శీర్షికే. అందుకే 2008 నాటి అంతర్జాతీయ సులభ వినియోగ ప్రమాణాల్లో, పేజీకి దాని విషయం తెలిపే శీర్షిక ఉండాలన్నది అన్నిటికన్నా కింది మెట్టు. కనీసంలో కనీసం. పింఛను పేజీ, ధ్రువపత్రం పేజీ, బస్ పాస్ పేజీ మూడూ తెరిచి పెట్టుకున్న అమ్మాయికి ఏం వినబడాలి? ‘హోమ్’. ‘హోమ్’. ‘హోమ్’. 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం చేశాం కదా అని డిసెంబరు 3న సభ పెట్టి శాలువా కప్పుతారు. శాలువా ఎందుకు సార్, శీర్షిక రాయండి చాలు.

2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లాను విడదీశారు. బెజవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది. కృష్ణా జిల్లాకు బందరు కేంద్రంగా మిగిలింది. కానూరు మనిషి చూపుకి బెజవాడలోనే ఉంటాడు. కాగితం మీద కృష్ణా జిల్లా. ఆయన పని బందరు కలెక్టరేట్‌లో. ఊరికీ జిల్లాకీ మధ్య ఇంత గందరగోళం పెట్టినప్పుడు, ఏ పేజీ ఏ జిల్లాదో శీర్షికలో మొదటి మాటగా రాయాలని తట్టొద్దా? ‘వెల్‌కమ్ టు...’ అన్న చోట ‘కృష్ణా జిల్లా’ అని పెడితే స్వాగతానికి లోటొస్తుందా? గంటన్నర బస్సు ప్రయాణం చేసి తప్పు గుమ్మం ముందు నిలబడేది రాసినవాడు కాదు కాబట్టి రాయడు.

ఖాళీ ఉన్న చోట ఎవరో ఒకరు చొరబడతారు. భూమి రికార్డుల కోసం 2015లో మీభూమి వెబ్‌సైట్ పెట్టారు. గుడివాడ వైపు రైతు అడంగల్ కోసం వెతికితే, ‘మీభూమి 1బి అడంగల్ డౌన్‌లోడ్’ అంటూ ముచ్చటైన శీర్షికలతో ప్రైవేటు పేజీలు బారులు తీరతాయి. చక్కగా పట్టేలా రాశారు. వివరణ కూడా శుభ్రంగా ఉంది. లోపల అడంగల్ లేదు. ప్రకటనలున్నాయి. దొంగకు శ్రద్ధ ఉంది, దొరకు లేదు.

దేవుణ్ణీ వదల్లేదు. 2023లో తితిదే ఓ నకిలీ వెబ్‌సైట్ మీద కేసు పెట్టించింది. అసలు చిరునామా ‘తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’. నకిలీది ‘తిరుపతిబాలాజీ’ తర్వాత చుక్కల బదులు అడ్డగీతలు పెట్టి, చివర ‘డాట్ ఆర్గ్’ తగిలించుకుంది. ఇలా కేసు పెట్టిన నకిలీల్లో అది 41వది! వెతికిన వరుసలో చిన్నక్షరాల మధ్య ఆ అడ్డగీత ఎవరికి కనబడుతుంది? తీరా జనం అసలుది గుర్తుపెట్టుకున్నారో లేదో, 2024 జనవరిలో ఆ చిరునామా కూడా మార్చి ‘టీటీదేవస్థానమ్స్’ చేశారు. స్వామి కొండ దిగలేదు. చిరునామా మాత్రం తిరుగుతూనే ఉంది.

వెబ్‌సైట్లలో జనానికి ఏమీ దొరకడం లేదని గ్రహించారో ఏమో, 2025 జనవరి 30న ప్రభుత్వం నేరుగా వాట్సాప్‌లోకి దిగింది. పేరు మన మిత్ర. మొదలు పెట్టేటప్పుడే 161 సేవలు. మంచిదే. మరి ఆ వాట్సాప్ నంబరు ఏదో తెలియనివాడు ఎక్కడ వెతుకుతాడు మాస్టారూ?

మన రాతలు చూసి యంత్రానికే విసుగు పుట్టింది. 2021 ఆగస్టులో గూగుల్ పేజీల శీర్షికలను తనే మార్చి చూపించే కొత్త పద్ధతి తెచ్చింది. ఎందుకు మార్చాల్సి వచ్చిందో కారణాలూ చెప్పింది. సగం ఖాళీ శీర్షికలు. పాత సంవత్సరం అంటిపెట్టుకున్న శీర్షికలు. లోపలి విషయానికి పొంతన లేనివి. అన్ని పేజీలకూ ఒకే మాట అచ్చు గుద్దినవి. చదువుతుంటే ఎక్కడో కాలిఫోర్నియాలో కూర్చుని మన ఊరినే తిడుతున్నట్టు లేదూ? పేజీ సొంతదారు రాసుకున్న శీర్షికను నూటికి ఎనభై ఏడు సార్లు వాడుతున్నామని ఆ సెప్టెంబరులో సర్దిచెప్పింది. మిగతా పదమూడుసార్లు మన తరఫున మాట్లాడేది యంత్రం. తప్పు మాట్లాడితే? మనం నోరు తెరవలేదు కాబట్టి అడిగే మొహం లేదు.

ఇదంతా వెటకారంతో పోయేదే అయితే ఇంత కడుపుమంట ఉండేది కాదు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు విజయవాడ మీద పడింది. సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరీపేట. తెల్లారేసరికి మొదటి అంతస్తు మెట్ల దాకా నీళ్లు. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కరెంటు లేదు. ఫోన్‌లో ఛార్జింగ్ కరిగిపోతోంది. సిగ్నల్ ఒక గీత. పేజీ తెరుచుకోవడానికి నిమిషాలు పడుతుంది, లేదా అసలు తెరుచుకోదు. ఆ స్థితిలో మేడ మీద ముసలామెను, పసిబిడ్డను పెట్టుకున్నవాడికి దక్కేది వెతికిన వరుస ఒక్కటే. శీర్షిక, కింద రెండు ముక్కలు. అందులో ఉంటే ఉన్నట్టు. లేకపోతే లేనట్టే.

విపత్తుల సంస్థకు నంబర్లున్నాయి. 1070. 112. 1800 425 0101. ఎవరూ దాచలేదు. ఇప్పుడీ వాక్యం చూడండి: ‘విజయవాడ వరద సహాయం: 1070, 112కు ఫోన్ చేయండి’. గుడులు, దీర్ఘాలు, ఖాళీలు, అంకెలు అన్నీ కలిపి యంత్రం లెక్కలో 42 గుర్తులు. ఆ అరవై మంత్రం ప్రకారం చూసినా ఇంకా 18 మిగిలాయి. పేజీ తెరవక్కర్లేదు. డేటా ఖర్చు కాదు. చదివి ఫోన్ చేయడమే. ఆ వారంలో వరద పేరుతో ఎన్ని పేజీలు పెట్టారు? ఎన్ని సమీక్షలు, ఎన్ని పర్యటనల ఫొటోలు? ఆ పేజీల్లో ఎన్నింటి శీర్షికలో నంబరు ముందుంది? మీరే గుర్తు తెచ్చుకోండి. గుర్తుకు రాకపోతే మీ తప్పు కాదు.

అడిగి చూడండి ఎవరినైనా. వెబ్‌సైట్ మా చేతిలో లేదండీ, ఐటీ వాళ్లది అంటుంది శాఖ. మేం సర్వరు చూస్తామంతే, మ్యాటరు శాఖే ఇవ్వాలి అంటుంది ఐటీ. మ్యాటరు ఇచ్చేశాం, ఎక్కించింది ఏజెన్సీ అంటుంది మళ్లీ శాఖ. ఏజెన్సీకి ఫోన్ చేస్తే కుర్రాడు ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. ‘ఒప్పందంలో పేజీలే ఉన్నాయి సార్, శీర్షికలు లేవు. కావాలంటే వేరే కొటేషన్ పంపిస్తాం. వరదలకు స్పెషల్ ప్యాకేజీ ఉందండీ.’